క్లచ్ లేని బండి

మంచిర్యాలలో మా షెడ్డుకు బోర్డు ఉండేది కాదు. స్టేషను దగ్గర దిగి "ముసలాయన షెడ్డు ఎక్కడ?" అని అడిగితే ఎవరైనా చూపించేవాళ్లు. ముసలాయన అంటే మా బాపు. వయసంతా బొగ్గుబాయి వర్క్‌షాపులో ధారపోశాడు. బాయిలర్ల లోపల కూర్చుని రివిట్లు కొట్టేవాడు. ఒంట్లో సత్తువ తగ్గాక బయటికొచ్చి నాలుగు రేకులు కప్పుకుని లారీలు బాగు చేయడం మొదలుపెట్టాడు.

ఆయన పనితనమంతా చెవిలోనే ఉండేది. బారెడు ఇనుప చువ్వ ఒక కొసను గేర్‌బాక్సుకు ఆనించి, రెండో కొసను చెవి పక్క ఎముకకు పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. తెరిచి "మూడో గేరు పండ్లు అరిగినయి" అంటే, విప్పి చూశాక అవే అరిగి ఉండేవి. కరీంనగర్ లారీల వాళ్లు అంత దూరం వచ్చేది ఆ చెవి కోసమే. నేను విప్పేవాణ్ణి, కడిగేవాణ్ణి, బిగించేవాణ్ణి. పెళ్లాం పిల్లలున్న వాణ్ణే కానీ షెడ్డులో నా మాటకు ఒక స్పానరుకున్న విలువ కూడా ఉండేది కాదు. అలవాటైపోయింది.

నన్ను కన్న అవ్వ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ ఎండాకాలం బాపు నడుము పట్టుకుని లేస్తూ, నడుము పట్టుకుని కూర్చుంటూ పని చేశాడు. "ఇగ చాలు బాపు, ఇంటి పట్టున ఉండు" అంటే, "ఇంట్ల ఏమున్నదిరా?" అనేవాడు. నేను మళ్లీ లారీ కిందికి దూరేవాణ్ణి.

అలాంటి రోజుల్లో డాక్టరమ్మ కారు వచ్చింది. ఆమె మిషను ఆసుపత్రిలో డాక్టరు, మన తెలుగామెనే. అంతకు ముందున్న అమెరికా డాక్టరు తన దేశానికి వెళ్లిపోతూ పాత కారును ఆమెకు వదిలి వెళ్లాడట. పడవంత పొడుగు. లోపల రెండే పెడళ్లు, క్లచ్ లేదు. గేర్లు అవే మారతాయి. ఆ వింత చూడటానికి టీ బండి దగ్గరి వాళ్లంతా గ్లాసులు పట్టుకుని వచ్చి, అద్దాల్లోంచి తొంగి చూసి పోయారు.

"పొద్దుగాల బాగనే పోతది పెద్దయ్యా" అంది డాక్టరమ్మ. "బండి కాగినంక ఎత్తు వచ్చిందంటే ఇంజను ఉరుకుతది, బండి కదలదు. మొన్న ఆసిఫాబాద్ దారిల నిలవడ్డది. కాన్పు నొప్పులు వడుతున్న పిల్లను ఎనుక సీట్ల పండుకోవెట్టుకొని ఎండల కూసున్న. ఎడ్లబండి దొరికి గడ్డనవడ్డం."

హైదరాబాదులో చూపిస్తే లోపలంతా పోయింది, సామాను బొంబాయి నుంచి రావాలి, అమ్ముకోవడం మేలు అన్నారట. అమ్మితే మళ్లీ కారు కొనే తాహతు ఆసుపత్రికి లేదు. ఆమెకు రాత్రంతా నిద్ర లేనట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఫికర్ చెయ్యకుర్రి" అన్నాడు బాపు. ఆ మాట అన్నాడంటే ఇక వెనక్కి పోడు.

ముందు నడిపి చూస్తానన్నాడు. ఇన్నేళ్లు లారీలు తొక్కిన ఎడమ కాలు క్లచ్ లేదంటే వింటుందా? గేరు మారే వేళయిందని తోచినప్పుడల్లా అలవాటుగా ధన్‌మని తొక్కేది. అక్కడున్నది వెడల్పాటి బ్రేకు. ముందు సీట్లో ఉన్న నా నుదురు అద్దానికి, వెనకున్న డాక్టరమ్మ ముక్కు నా సీటుకు. మూడోసారి ఆమె నవ్వింది. బాపు మాత్రం నవ్వలేదు, చెప్పు తీసి ఎడమ కాలు మడిచి పిర్ర కింద పెట్టుకుని, బాసింపట్టు వేసుకున్న పెళ్లికొడుకులా షెడ్డు దాకా తెచ్చాడు.

బండి బాగా కాగి ఉంది. బాపు వెంటనే ఇంజను బంద్ చేశాడు. నిలబడ్డ బండి పెట్రోలు తాగడం ఆయన కంటికి పాపం. మా దగ్గర ఎవరైనా అంతే, బీడీ ముట్టించాలన్నా ఇంజను ఆపేవాళ్లు. గేర్‌బాక్సు నూనె కొలిచే కడ్డీ తీసి చూశాను. గీత దాకా నిండుగా ఉంది.

"నూనె తక్కువ లేదు" అన్నాను.

బాపు మళ్లీ ఇంజను వేయమని డాక్టరమ్మకు చెప్పి, కారు కిందికి దూరి, చువ్వను ఎముకకు పెట్టుకున్నాడు. నేను వంగి ఆయన ముఖం చూస్తున్నాను. అప్పుడు వినబడింది. ఇంజను చప్పుడు మీద, సన్నగా, దోమ చెవి దగ్గర మొత్తుకున్నట్టు ఒక కూత. ఆమె పెడలు నొక్కితే పెరిగింది, వదిలితే తగ్గింది. బాపు చెబుతాడు కదా అని నేను ఊరుకున్నాను.

ఆయన బయటికొచ్చి దుమ్ము దులుపుకున్నాడు. "ఇంజను సాఫ్ ఉన్నది. కూత లేదు, గరగర లేదు. గేర్‌బాక్సు లోపలి పట్టీలే అరిగినయి. విప్పుదాం."

నేను స్పానరు అందుకోలేదు. ఆ పెట్టెలో ఏముందో మాకిద్దరికీ తెలియదు. విప్పితే మళ్లీ బిగించడం నా వల్ల కాదు. ఆ కారు మా షెడ్డులోనే తుప్పు పడుతుంది. పడుతూ ఊరందరికీ కనిపిస్తుంది. ముసలాయన మాట తప్పిందని కరీంనగర్ దాకా పాకితే మా షెడ్డుకు మిగిలేది నాలుగు రేకులు. బాపుకు మిగిలేది ఆ ఇల్లు.

డాక్టరమ్మ కారును చూడటం లేదు, బాపునే చూస్తోంది. మెల్లగా బండి దిగి దగ్గరికొచ్చింది.

"పెద్దయ్యా, మీరు బాయిలర్లల్ల పని చేసిన్రా?"

"చేసిన బిడ్డా. ఎందుకు?"

"గా పని చేసినోళ్లకు ముందుగాల సన్న చప్పుళ్లు పోతయి. మోటు చప్పుళ్లు, మనుషుల మాటలు బాగనే ఇనవడుతయి. అందుకే మనకు ఎరుక గాదు. ఇప్పుడు బండి సన్నగ కూస్తున్నది. మీకు ఇనవడుతలేదా?"

చువ్వ విసిరి కొడతాడనుకున్నాను. బాపు కోపం అలాంటిది. కానీ ఆయన నా వైపు తిరిగాడు.

"నీకు ఇనవడుతుందారా?"

లేదని చెప్పాలనిపించింది. నిజంగా అనిపించింది. లేదంటే ఆ పూటకు ఆయన మాట నిలుస్తుంది, కారు పోతే పోయింది. కానీ ఎర్రబడ్డ ఆ కళ్లతో డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక, కాన్పులకు ఆ కారే దిక్కయిన, నేనెరగని ఆడవాళ్లు ఎందరో.

"ఇనవడుతుంది బాపు" అన్నాను.

ఆయన చువ్వను నేల మీద పెట్టాడు. తర్వాత పనిలో ఉన్నప్పటి గొంతుతోనే అడిగాడు. "ఎట్లున్నది?"

"దోమ లెక్క. రేస్ ఇస్తే ఎక్కువైతుంది."

"అట్లయితే నూనె పంపు గాలి గుంజుతున్నది. నూనె తక్కువున్నది."

"నిండుగున్నదిగద?"

"ఇంజను బంద్ జేసి చూసినం. బందుంటే పైనున్న నూనె కిందికి దిగి నిండుగ కనవడ్డదేమో. నడువంగ చూడు."

నడుస్తున్న ఇంజను మీద కడ్డీ తీశాను. కొసన కాస్త నురగ తప్ప నూనె లేదు. ఇక వెతకడం ఎంతసేపు? రేడియేటరు దగ్గర, గేర్‌బాక్సు నూనె చల్లబడటానికి వచ్చే సన్న గొట్టం అతుకు ఒకటి వదులైంది. బండి కాగి దారిలో పరుగెత్తేటప్పుడే కారుతోంది కాబట్టి షెడ్డులో నేల తడవలేదు. అతుకు బిగించాను. అమెరికా డాక్టరు వదిలి వెళ్లిన ఎర్ర నూనె డబ్బాలు ఆసుపత్రి కొట్టులో ఉంటే డాక్టరమ్మ తెప్పించింది. పెట్రోలు కాలుతూనే ఉంది. బాపు ఒక్కసారి కూడా బంద్ చేయమనలేదు. పోస్తుండగా కూత సన్నబడి, సన్నబడి, పోయింది.

"బందయింది బాపు."

ఆయన నా ముఖం చూసి నమ్మాడు. నా మాటకు విలువ రావాలని ఎన్నేళ్లుగా కోరుకున్నానో. వచ్చింది, కానీ అలా రావాలని కోరుకోలేదు. కడ్డీని గుడ్డతో తుడిచి మళ్లీ దించాను.

ఎత్తు మీద నడిపి చూశాం. ఎక్కడా ఆగకుండా ఎక్కింది. వెళ్లేటప్పుడు డాక్టరమ్మ బాపుకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "మీరు చెప్పకుంటే గీ కారు నాకు దక్కకపోతుండె పెద్దయ్యా" అంది. అది నిజమే. ఆయనకు మాత్రం ఓదార్పు మాటలాగే వినిపించిందేమో, తలూపి చువ్వ తీసి మూలన పెట్టాడు.

పొద్దు వాలుతుంటే నేను కిరోసిన్‌తో చేతులు కడుక్కుంటున్నాను. బాపు స్టూలు మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచే పిలిచాడు.

"అరేయ్. పిట్టలు వస్తున్నయా గీ నడుమ?"

"ఏం పిట్టలు?"

"పిచ్చుకలురా. పెరట్ల. మీ అవ్వ నూకలు చల్లుతుండె గద, పొద్దుగాల ఒకటే లొల్లి. ఆమె పోయినంక ఒక్కటి గూడ కూస్తలేదు. ఆమె లేదని అవి గూడ రావుడు బంద్ జేసినయనుకున్న."

రేకుల మీద అప్పుడు కూడా పిచ్చుకలు గోల చేస్తూనే ఉన్నాయి.

"వస్తున్నయి బాపు" అన్నాను. "రోజూ వస్తున్నయి."