సిపాయి వేషానికి మా అమ్మ చదివింపు

మా నాన్న బర్మా యుద్ధం నుంచి వణికే కుడిచేత్తో తిరిగొచ్చాడు. ముద్ద నోటిదాకా వెళ్ళేలోపు సగం ఒళ్ళో రాలేది. సారా ఎరగడు. యుద్ధం గురించి అమ్మతో కూడా ఒక్క మాట చెప్పలేదు.

అటువంటి మనిషి దగ్గరికి పెద్ద వీధి రచయిత ఒకడు వచ్చాడు. "సిపాయిల కష్టం మీద నాటకం రాస్తా. చెప్పబ్బా" అన్నాడు. టీ కొట్లో మావాళ్ళకు వేరే గ్లాసు పెట్టే ఊరు మాది. ఆయన చర్చి వీధిలో, మా అరుగు మీద కూర్చుని టీ తాగాడు. దానికే ఊరంతా సంఘసంస్కర్త అని మెచ్చుకుంది.

నాన్న నోరు విప్పాడు. రచయిత వచ్చినప్పుడల్లా, ఆడవాళ్ళూ పిల్లలూ వినకూడదని మమ్మల్నందరినీ లోపలికి పంపేసేవాడు. "పోనీలే, గుండెలో బరువు దించుకుంటా ఉండాడు" అని అమ్మ సంబరపడింది.

నాటకం రోజు ఆదివారం బట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాం. సిపాయి వేషం రచయితే వేశాడు. తూలుతూ వచ్చాడు. వణికే చేత్తో సారా ఒలకబోసుకున్నాడు, పెళ్ళాన్ని తన్నాడు. అడవిలో తోటి సిపాయి "నీళ్ళు, నీళ్ళు" అంటూ తన ఒళ్ళో ప్రాణం విడిచాడని ముద్దముద్దగా ఏడ్చాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నాన్న లేచి వెళ్ళిపోయాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి వినడమే గాని, చూడడం నాకదే మొదలు. మర్నాటి నుంచి పిల్లకాయలు చేతులు వణికిస్తూ నాన్న వెంటపడ్డారు. ఆయన బజారు మానేశాడు, చర్చి మానేశాడు. అమ్మ వెళ్ళి నిలదీస్తే రచయిత, "తాగుడు మాన్పించాలంటే జనం నవ్వాల గదమ్మా! సంఘం కోసం రాసినా" అన్నాడు. పాస్టరుగారేమో క్షమించమన్నారు.

"క్షమించేది ఏసయ్య పని, నాది గాదు" అంది అమ్మ.

జనం అడిగారని ఆ నాటకాన్నే మళ్ళీ ఆడారు. మా వైపు వేషం నచ్చితే చదివింపు ఇస్తారు. ఆట ఆపి, ఇచ్చినదేమిటో మైకులో చెబుతారు. వేషగాడు రెండు చేతులా అందుకుని దండం పెట్టాలి. సిపాయి తూలుతూ రాగానే అమ్మ స్టేజి ఎక్కి మైకు తనే తీసుకుంది.

"అయ్యా, మా ఆయన సారా ముట్టడు. ఆ చెయ్యి యుద్ధంలో దెబ్బతినింది. ఆ సంగతి ఈయనకు తెలుసు, మా అరుగు మీదే విన్నాడు. ఇది ఈయన మా ఇంట్లో టీ తాగిన గలాసు. ఇంక దీన్ని మా ఇంట్లో ఎవురూ ముట్టుకోరు. ఈయనకే చదివిస్తా ఉండా."

ఊరంతా చూస్తోంది. పెద్ద వీధివాడు, మా ఎంగిలి కాదు, తన ఎంగిలి గ్లాసునే రెండు చేతులా అందుకుని దండం పెట్టాడు. నా కళ్ళు చల్లబడ్డాయి. ఆ నాటకాన్ని మా ఊళ్ళో మళ్ళీ ఎవరూ ఆడలేదు.

పిల్లకాయలూ వెంటపడడం మానేశారు. నాన్న మెల్లగా చర్చికి రాసాగాడు. కానీ యుద్ధం మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నేను పెద్దదాన్నయ్యాక ఎన్నోసార్లు అడిగాను. గోడవైపు తిరిగి పడుకునేవాడు. అలాగే పోయాడు.

రచయిత పోయినప్పుడు ఊళ్ళో సంతాపసభ పెట్టి నన్నూ పిలిచారు. వెళ్ళలేదు. మా నాన్న చూసిన యుద్ధం గురించి నాకు ఈరోజుకీ తెలిసిందల్లా, వాడు స్టేజి మీద తాగుబోతు గొంతుతో చెప్పి నవ్వించిన ఆ రెండు ముక్కలే.