ఈ కాయితం నేను పోయినంక గూడ పన్జేస్తదా?

కరోనా పూర్తిగా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలం. సత్తుపల్లి కోర్టులో నేను ప్రాక్టీసు మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. పెనుబల్లి, అశ్వారావుపేట వైపు నుంచి వచ్చే భూమి తగాదాలు, కుటుంబ కేసులే మా దగ్గర ఎక్కువ. కిరాయి ఇళ్ల గొడవలు కోర్టు దాకా రావడం అరుదు. ఇంటాయన పొమ్మంటే కిరాయికున్నవాళ్లు సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోతారు. తమకూ హక్కులుంటాయని వాళ్లకు ఎవరూ చెప్పరు.

అప్పట్లో నేను లీగల్ ఎయిడ్ ప్యానెల్‌లో ఉన్నాను. అంటే ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పేదవాళ్లకు ఫీజు లేకుండా వాదించే లాయర్లలో ఒకదాన్ని. ఒక మధ్యాహ్నం ఆ ఆఫీసు వాళ్లు సుజాత అనే ఆమెను నా దగ్గరికి పంపారు. టేకులపల్లి అవతల అడవిలో ఒక కోయ గూడెం ఆమెది. సత్తుపల్లిలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. భర్త లేడు, పిల్లలు లేరు. తల్లి ముత్తమ్మను తనతోనే ఉంచుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మేడం, మా అమ్మ సచ్చేలోపే ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నరు” అంది.

ముత్తమ్మకు ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. ఖమ్మం పెద్ద దవాఖానాలో ఇక చేసేదేమీ లేదని, ఇంటికి తీసుకెళ్లి ఆక్సిజన్ మిషన్ మీద ఉంచమని చెప్పారు. అది కరెంటుతో నడిచే మిషన్. గూడెంలో గాలివాన వస్తే రోజుల తరబడి కరెంటుండదు. అందుకే తల్లిని కిరాయి ఇంటికే తెచ్చుకుంది.

“అగ్రిమెంట్ ఉందా?”

“గసొంటిదేం లేదు మేడం. నోటిమాటే. కాయితం లేకపోతే మాకేం హక్కుండదంటగా?”

ఈ మాట నేను వందలమంది నోట విన్నాను. రాతకోతలు లేకపోయినా, నెలనెలా కిరాయి తీసుకుంటూ ఇంట్లో ఉండనిచ్చాడంటే ఆమె కిరాయిదారే. ఖాళీ చేయించాలంటే కోర్టుకెళ్లి, చట్టం ఒప్పుకునే కారణం చూపించాలి. కిరాయి ఎగ్గొట్టారనో, ఇల్లు సొంతానికి కావాలనో చెప్పాలి. ఇంట్లో మనిషి చావుబతుకుల్లో ఉండటం ఏ చట్టంలోనూ కారణం కాదు. ఆమెకు అదే చెప్పాను. నమ్మినట్టు లేదు.

సాయంత్రం నేనే ఇంటాయనతో మాట్లాడటానికి వెళ్లాను. కోర్టు మెట్లెక్కకముందు అవతలివాళ్లతో ఒకసారి మాట్లాడటం నా పద్ధతి. ఆయన పేరు వెంకట్రావు గారు, అదే ఇంట్లో ముందు పోర్షన్‌లో ఉంటాడు. కృష్ణా జిల్లా నుంచి తండ్రి హయాంలోనే వచ్చి స్థిరపడ్డ కుటుంబం, పామాయిల్ తోటలున్నాయి. చెడ్డ మనిషి కాదు. ముత్తమ్మను ఖమ్మం తీసుకెళ్లింది ఆయన కారులోనే.

“చూడండమ్మా, ఆ పిల్లంటే మాకేం కోపం లేదు” అన్నాడు. “కానీ మా అమ్మాయి నిశ్చితార్థం ఈ ఇంట్లోనే పెట్టుకున్నాం. ఆవిడ గానీ ధనిష్ఠా పంచకంలో, ఆ చెడు నక్షత్రాల్లో పోయిందనుకోండి, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. మీరైతే ఏం చేస్తారు?”

ఆయన భార్య వరలక్ష్మి గారు తలుపు పక్కన నిలబడి వింటోంది. “ఆస్పత్రిలో చేర్పిస్తే సరిపోతుంది కదండీ” అంది మెల్లగా.

“ఆస్పత్రివాళ్లే ఇంటికి పంపించారమ్మా” అన్నాను.

నేను చెప్పిన చట్టం ఆయన విన్నాడు గానీ, ఆయన భయానికి అందులో జవాబు లేదు.

మర్నాడు పొద్దున సుజాత ఫోన్. వాళ్ల పోర్షన్‌కు వెళ్లే ఫ్యూజు పీకేశారు. మిషన్ ఆగిపోయింది. ఎదురింటి మెకానిక్ తన షెడ్డు నుంచి రోడ్డు మీదుగా వైరు లాగి మిషన్ నడిపించాడట. ఆ కొద్దిసేపట్లోనే ముత్తమ్మ పెదాలు నల్లబడ్డాయని సుజాత చెప్పింది.

ఆ రోజే దావా వేశాను. ఇంటెరిమ్ ఇంజంక్షన్ అడిగాను. అంటే అవతలి పక్షం వచ్చి తన వాదన చెప్పుకునేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచమనే తాత్కాలిక ఉత్తర్వు. జడ్జిగారు వయసులో చిన్నవాడు, తక్కువ మాట్లాడతాడు.

“ఆమె మిషన్ మీద ఉన్న సంగతి ఇంటి ఓనరుకు తెలుసా?”

“తెలుసు సార్. ఖమ్మం తీసుకెళ్లింది ఆయనే.”

ఆయన అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పాడు. చట్టప్రకారం తప్ప ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టరాదు. ఆమె ఇంటి వాడకానికి ఏ రకంగానూ అడ్డుపడరాదు. కరెంటు వెంటనే ఇవ్వాలి. నోటీసులు అందించే కోర్టు అమీనా వెళ్లేసరికి వెంకట్రావు గారు గుమ్మంలోనే ఉన్నాడట. సంతకం చేసి, ఏమీ అనకుండా ఫ్యూజు పెట్టేశాడు.

ఉత్తర్వు నకలు ఇవ్వడానికి నేను వెళ్లినప్పుడు ముత్తమ్మను మొదటిసారి దగ్గరగా చూశాను. ముక్కుకు సన్నటి గొట్టాలు, గోడకు ఆనించిన దిండు. సుజాత ఆమెకు కోయ భాషలో ఏదో చెప్పింది. ముత్తమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని తడిమి చూసింది. తర్వాత నాతో తెలుగులో, ఒక్కో మాటకు ఊపిరి తీసుకుంటూ అడిగింది.

“ఈ కాయితం… నేను పోయినంక గూడ పన్జేస్తదా అమ్మా?”

“గట్లనకే” అని సుజాత మొహం తిప్పుకుంది.

ఇన్నేళ్లలో ఏ క్లయింటూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నిలబడే ఆలోచించాను. “ఇల్లు కిరాయికి తీసుకున్నది నీ బిడ్డ. ఆర్డరు నీ బిడ్డకొచ్చింది. ఇది నీ బిడ్డ ఇల్లు. నువ్వున్నా, లేకున్నా” అన్నాను.

“అవ్… అయితే మంచిదే” అని కళ్లు మూసుకుంది.

శ్రావణం మొదట్లో ఒక ఉదయం ఆమెకు ఊపిరి బాగా ఎగదన్నింది. అంబులెన్స్‌లో దవాఖానాకు తీసుకెళ్తుండగా దారిలోనే పోయింది. గూడేనికి తీసుకెళ్దామంటే వాగు పొంగి రోడ్డు మీద నుంచి పారుతోంది. సుజాత అన్న, చుట్టాలు వాగుకు అవతలే ఆగిపోయారు. నీళ్లు తగ్గేదాకా తల్లిని ఇంట్లోనే ఉంచుకోవాలి. అంబులెన్స్ వెనక్కి తిరిగి వచ్చేసరికి వీధి గేటుకు తాళం వేసి ఉంది.

సుజాత ఫోన్ అందుకుని నేను వెళ్లేసరికి సన్నగా వాన పడుతోంది. డ్రైవర్ బండి ఆపేసి నిలబడ్డాడు. చుట్టుపక్కలవాళ్లు అరుగుల మీద నుంచి చూస్తున్నారు. గేటు లోపల వెంకట్రావు గారు గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

“కోర్టు బతికున్న మనిషి గురించి చెప్పింది మేడం. శవం గురించి చెప్పలేదు” అన్నాడు.

“ఇంటి వాడకానికి అడ్డుపడొద్దని చెప్పింది. తల్లి పోతే ఇంట్లో పెట్టుకుని ఏడవడం కూడా ఇంటి వాడకమేనండీ” అన్నాను. “పోలీసుల్ని పిలిస్తే వాళ్లూ ఇదే చదువుతారు. పిలవాలని నాకు లేదు.”

ఆయన కదల్లేదు. మూర్ఖత్వం కాదది, శవం ఇంట్లోకొస్తే దోషం తగులుతుందని నిజంగా భయపడుతున్నాడు. తాళంచెవి గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

సుజాత నా మాటలు గానీ ఆయన మాటలు గానీ వింటున్నట్టు లేదు. అంబులెన్స్ వెనక తలుపు పట్టుకుని, వరండాలో ఉన్న వరలక్ష్మి గారి వైపు చూసి అడిగింది.

“అక్కా, అమ్మను ఏడ దించాలె?”

అరవలేదు, ఏడవలేదు. తెలియని ఊళ్లో దారి అడిగినట్టు అడిగింది. వరలక్ష్మి గారు కొంగు నెత్తిమీదికి లాక్కుని వానలోకి దిగింది. భర్త ముందుకొచ్చి చెయ్యి చాపింది.

“తాళంచెవి ఇవ్వండి.”

“వరం, పిల్ల నిశ్చితార్థం…”

“అవునండీ, ఆడపిల్ల తల్లినే నేను. ఇవ్వండి.”

గేటు ఆమే తీసింది. ముత్తమ్మను సుజాత గదిలోనే, తలుపుకెదురుగా పడుకోబెట్టారు. వరలక్ష్మి గారు స్నానానికి నీళ్లు కాచి బిందెతో తెచ్చింది. గడప దాటి లోపలికి మాత్రం రాలేదు. నమ్మకం ఒక్కరోజులో పోయేది కాదు. మర్నాడు వాగు తగ్గాక అన్న ట్రాక్టర్‌లో వచ్చి తల్లిని గూడేనికి తీసుకెళ్లాడు.

వెంకట్రావు గారు తర్వాత శాంతి చేయించుకున్నాడు. నిశ్చితార్థం ఫంక్షన్ హాల్లో జరిగింది. దినాలు అయ్యాక సుజాత నా దగ్గరికి వచ్చి, ఇల్లు మారుతున్నానని, కేసు తీసేయమని అంది.

“ఎవరన్నా ఏమన్నా అన్నారా? ఆర్డరు ఇంకా ఉంది. నిన్నెవరూ కదిలించలేరు.”

“ఎవ్వరేమనలే మేడం. ఉండొచ్చని నాకెరుకే. అమ్మ లేని గదిల ఉండబుద్ధైతలేదు, గంతే.” లేచి వెళ్తూ ఆగింది. “అప్పుడు పోతే తరిమినట్టుండు. ఇప్పుడు నేనే పోతున్న.”

మర్నాడు కోర్టులో కేసు ఉపసంహరించుకుంటున్నామని మెమో వేశాను. జడ్జిగారు ఆ ముసలామె ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. కేసు ముగిసినట్టు రాసి, పెన్ను కింద పెట్టాడు.

ఇల్లు కిరాయికి తీసుకోవడమంటే వండుకోవడానికి, పడుకోవడానికి చోటు తీసుకోవడమేనని నేనూ అప్పటిదాకా అనుకునేదాన్ని. మనిషి జబ్బు పడేదీ, తన వాళ్లను పోగొట్టుకునేదీ కూడా ఆ నాలుగు గోడల మధ్యే. కోర్టు తాళాలు తీయించగలదు. లోపలున్న భయాన్ని తీయించడం దాని చేతిలో లేదు. అందుకే ఆ భయం గురించి ముందే మాట్లాడుకోవాలని ఈ కేసు నాకు నేర్పింది.

ఇప్పుడు అగ్రిమెంట్ రాయించుకోవడానికి వచ్చిన ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి ఒక మాట అడుగుతాను: ఈ ఇంట్లో కిరాయికున్నవాళ్లలో ఎవరైనా కాలం చేస్తే ఏం చేస్తారు? కొందరు ఇంటివాళ్లు శకునం పలికానని కోప్పడి లేచి వెళ్లిపోయారు. కిరాయికొచ్చినవాళ్లు తలవంచుకుంటారు. మొన్న ఇల్లు కిరాయికివ్వడానికి అశ్వారావుపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం చాలాసేపు ఆలోచించాడు. ఎదురుగా కూర్చున్న జంట వైపు, ఆమె ఒళ్లో ఉన్న పసిపాప వైపు చూశాడు.

“ఏం చేస్తామమ్మా, మేమూ వచ్చి పక్కన కూర్చుంటాం” అన్నాడు. “రాయండి.”