షీల్డు వెనక పేరు

వీధిలో అందరూ ఆయన్ని అక్షరాల బాబాయి అంటారు. షీల్డులూ కప్పులూ అమ్మే దుకాణంలో ఇత్తడి రేకుల మీద ఉలితో పేర్లు చెక్కడం ఆయన పని. యాభై ఏళ్లుగా ఊళ్లో వాళ్ల పేర్లన్నీ చెక్కాడు గానీ, ఆయన అసలు పేరేమిటంటే ఓనరు కూడా కాసేపు తల గోక్కుంటాడు. ఇప్పుడు పేర్లు చెక్కడానికి మెషీను వచ్చింది. బాబాయికి పాత షీల్డులకు మెరుగు పెట్టే పని మిగిలింది. చేతులు వణికే మనిషికి అదైనా దయతలచి ఇచ్చిందే.

ఆయన మొట్టమొదట చెక్కడం నేర్చుకున్నది అక్క పేరు. వేలెడంత ఇత్తడి ముక్క మీద నాలుగక్షరాలు. అక్క దాన్ని బీరువా తాళాలకు తగిలించుకుంది. ఈ రోజుకీ ఏదైనా ఆలోచనలో పడితే చాలు, బొటనవేలితో ఆ అక్షరాలు నిమురుతూ కూర్చుంటుంది.

అక్క పాటలు పాడేది. ఎనభైల్లో ఆమె పాడిన సినిమా పాట ఒకటి ఏడాదంతా మోగిపోయింది. టీ కొట్లో అదే, బస్సులో అదే, క్షవరం చేయించుకుందామని వెళ్తే అక్కడా అదే. ఆ రోజుల్లో సినిమా సంగీత సంఘం ఏటా ఒక మేటి పాటకు అవార్డు ఇచ్చేది. ఆ షీల్డులన్నీ ఈ దుకాణంలోనే తయారయ్యేవి. ఆ ఏడు సంఘం పంపిన కాగితం మీద అక్క పేరుంది. అప్పటి మేస్త్రి, అంటే ఇప్పటి ఓనరు తండ్రి, కాగితం తెచ్చి తమ్ముడి ముందు పెట్టి, "మీ అక్క పేరు నువ్వే కొట్టరా" అన్నాడు. రెండు రోజులు ఊపిరి బిగబట్టి చెక్కాడు తమ్ముడు.

సభకు ముందు రోజు మధ్యాహ్నం ఇంకో కాగితం వచ్చింది. పాట మారింది, పేరూ మారింది. ఎందుకని అడగడానికి వీళ్లెవరు? కొత్త పేరు అప్పటికే ఇంటింటా తెలిసిన గాయనిది. నోటి దాకా వచ్చిన ముద్ద నేల పాలవడమంటే ఇదే.

రేకు మీద తప్పు పడితే పారెయ్యరు. తిప్పి రెండో వైపు చెక్కి, తప్పు లోపలికి పోయేలా స్క్రూలు బిగించేస్తారు. ఆ పనివాళ్లందరి పద్ధతీ అదే. "తిప్పి కొట్టెయ్" అన్నాడు మేస్త్రి. తమ్ముడికి చెయ్యి ఆడలేదు. ఉలి బల్ల మీద పడేసి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ కొత్త పేరు మేస్త్రే చెక్కుకున్నాడు.

ఇంట్లో అక్క తలుపేసుకుంది. రెండు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మూడో రోజు తమ్ముడు తలుపు బయట చతికిలబడి, "అక్కా, నీ పేరెక్కడికీ పోలేదు. ఆవిడ షీల్డు మీదే ఉంది. వెనక్కి తిరిగి ఉంది, అంతే" అన్నాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

మళ్లీ అక్కకు సినిమాలో పాడే పాట రాలేదు. కొన్నాళ్లు కోరస్‌లో వెనక వరస, ఆ తర్వాత బడిలో పాటల టీచరు. చివరికి ఆ బడివాళ్లు పాటల పీరియడే ఎత్తేశారు. అయినా టీవీలో ఆ గాయని షీల్డు పట్టుకుని కనిపిస్తే చాలు, "చూడరా, మహాతల్లి నన్ను మోస్తోంది" అని అక్క పకపకా నవ్వేది. అక్కాతమ్ముళ్ల రెండు గదుల ఇంట్లో అంత పెద్ద నవ్వు మరి దేనికీ వినపడేది కాదు. షుగరు ఆమె కళ్లను తినేసింది గానీ ఆ నవ్వును తినలేకపోయింది.

ఈ మధ్య ఆ గాయని పోయింది. ఆ దశాబ్దంలో అవార్డులందుకున్న పాటల మీద ఏదో ప్రదర్శన పెడుతున్నారని ఆమె షీల్డులన్నీ మెరుగుకు వచ్చాయి. అట్టపెట్టెలో ఆ ఏటి షీల్డు కనబడగానే బాబాయి వెనకాముందూ చూడలేదు. అక్కకు ఫోన్ చేసేశాడు.

"అక్కా, వచ్చింది! మన షీల్డే! నాలుగింటికల్లా వచ్చెయ్, నీ చేతికే ఇస్తాను."

"ఏం కట్టుకు రమ్మంటావురా?" అంది అక్క.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు విప్పి చూసుకుని కదా ఫోన్ చెయ్యాలి! యాభై ఏళ్లుగా స్క్రూలతో కాపురం చేసినవాడికి ఆ మాత్రం తెలియొద్దూ!

విప్పాడు. రేకు వెనక ఏమీ లేదు. నున్నగా ఉంది. అందులో ఆయన మొహమే కనబడింది.

ఓనరు వచ్చి చూశాడు. "నాన్న చెప్పేవారు బాబాయ్. పెద్ద సభ కదా, వెనక గీతలున్న రేకెందుకని ఆ ఒక్కసారికీ కొత్తది వాడారట. పాతది తుక్కులో వేసేసి ఉంటారు."

"నాకు చెప్పలేదేం?"

"మీరెప్పుడూ అడగలేదు కదా."

ఓనరు చెడ్డవాడేం కాదు. బాబాయి మొహం చూసి, "వెనక వైపు ఎవరు చూడొచ్చారు గానీ, అక్క పేరు మెషీన్లో కొట్టించేస్తాను. రెండు నిమిషాల పని" అన్నాడు.

"మెషీను అక్షరమైతే అక్క పట్టేస్తుంది" అన్నాడు బాబాయి.

రేకును బల్లకు బిగించి, ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉలి నెట్టడం మొదలెట్టాడు. మొదటి రెండక్షరాలు ఎలాగో గట్టెక్కాయి. మూడో అక్షరంలో గుండ్రంగా తిరగాల్సిన గీత మూల తిరిగింది. సరిచేయబోతే ఇంకా లోతైంది. గీతల్లో మసి పూసి, నూనె గుడ్డతో తుడిచి, కొత్త పనికి పాత రంగు తెచ్చాడు. జీవితంలో మొదటిసారి తన పనిని తానే దొంగసొత్తులా చూసుకున్నాడు. మూడుంపావుకి మొదలుపెట్టిన పని నాలుగుకి పది నిమిషాలుందనగా అయింది.

అక్క చేతికర్రతో మెట్టు తడుముకుంటూ వచ్చింది. అప్పటి సభకని కొనుక్కున్న చీరే కట్టుకుంది. జాకెట్టు భుజాల దగ్గర వదులై జారుతోంది. బాబాయి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి రేకు చేతిలో పెట్టాడు.

అక్క వేలితో చదవసాగింది. మొదటి అక్షరానికి పెదవులు విచ్చుకున్నాయి. మూడో అక్షరం దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. సంచిలోంచి తాళాలగుత్తి తీసింది. ఎడమ బొటనవేలు తాళాలకున్న ఇత్తడి ముక్క మీద, కుడిది ఈ రేకు మీద పెట్టి అక్షరమక్షరం పోల్చుకుంది.

"అప్పట్లో నీ చెయ్యి వణికేది కాదు కదరా" అంది.

"పాత ఇత్తడి కదక్కా, అరిగి ఉంటుంది" అన్నాడు బాబాయి, నూనె గుడ్డ మడతపెడుతూ.

"ఊఁ. అరిగుంటుంది." రేకు తిరిగి ఇచ్చేసింది. "బిగించెయ్. నేను బస్సులో వెళ్లిపోతా, నువ్వు రావద్దు."

ఆ వారమే ప్రదర్శనను టీవీలో చూపించారు. గాజు పెట్టెలో ఆ షీల్డు తళతళలాడుతోంది. ఇప్పుడు దాని వెనక నిజంగానే ఆమె పేరుంది. "అదుగో అక్కా, మన షీల్డు" అన్నాడు బాబాయి. అని ఆ నవ్వు కోసం ఎదురు చూశాడు.

"టీవీ కట్టెయ్యరా, కళ్లు మండుతున్నాయి" అంది చూపు లేని అక్క.

బాబాయి లేచి కట్టేశాడు.