మాగాయ ఊటలో ట్రైలరు

ఆ రోజుల్లో నాకు తెలిసిన విద్య ఒక్కటే, ఇనప ముక్కని ఇనప ముక్కకి అతికించడం. దాన్నే నమ్ముకుని రాజోలులో వెల్డింగు షాపు తెరిచాను. గేట్లకి గొళ్ళేలు, సైకిళ్ళకి స్టాండ్లు తప్ప పనే రాలేదు. "ఈ వేసవి చూసి మూసేయ్, మస్కట్ పోదువుగాని" అని ఇంట్లో తీర్మానించేశారు. సరిగ్గా అప్పుడే ఆ మస్కట్ నుంచి మా మామయ్య తిరిగొచ్చి, అంతర్వేదిలో ఫైబరు పడవ కొన్నారు. దాన్ని ట్రాక్టరు వెనక తగిలించి సముద్రపు నీళ్ళలోకి దింపడానికి ట్రైలరు కావాలి. నా షాపు బతుకు ఆ ట్రైలరు మీదే ఆధారపడి ఉంది.

"అల్యూమినియందే చేయిద్దాంరా అల్లుడూ. తేలిక, తుప్పు పట్టదు. మస్కట్‌లో అన్నీ అవే" అన్నారు మామయ్య. (అల్యూమినియం అతకడం నాకు రాదు. పని కాకినాడ పోతుంది.) "జింకు పూత వేసిన ఇనుమైతే గట్టిగా ఉంటుందండీ, ఇసకలో దిగబడినా వంగదండీ" అని పెద్ద ఇంజినీరులా చెప్పాను. ఎటూ తేలక, రెండు లోహాల ముక్కలూ ఉప్పునీళ్ళలో నానేసి చూద్దామనుకున్నాం. ఆ ఎండలో అంతర్వేది దాకా ఎవరెళతారు? డాబా మీద అత్తయ్య మాగాయ ముక్కలు ఒక పక్కనా, వాటిని పిండిన ఊట బేసినులో ఇంకో పక్కనా ఎండబెట్టింది. మామయ్య వేలు ముంచి నాలిక్కి రాసుకుని, "సముద్రం కంటే ఇదే ఉప్పగా ఉందిరా! దీనికి తట్టుకున్నది దేనికైనా తట్టుకుంటుంది" అంటూ అల్యూమినియం ముక్కా, ఇనప ముక్కా ఆ ఊటలో జారవిడిచారు. నేనూ శాస్త్రవేత్తలా తలూపాను.

మర్నాడు సాయంత్రానికి అల్యూమినియం నల్లబడింది. నా జింకు పూత నురగలు కక్కి లోపలి ఇనుమును బయటపెట్టింది. ఊట మురిక్కాలవ రంగుకి తిరిగింది. అత్తయ్య బేసిను ముందు నిలబడి, "ఏవండీ, ఇందులో ఏం వేసేరండీ?" అంది.

"ఆయ్... ట్రైలరు" అన్నారు మామయ్య.

"ఏడాది మాగాయండీ! అయినా, సముద్రంలో మామిడికాయలెవరు పిండేరండీ?"

పులుపు సంగతి మా ఇద్దరికీ అప్పుడు తట్టింది. అత్తయ్య నా మొహం చూసి, "ఊట ఎలాగూ పోయింది. మనోడి కొట్టైనా నిలబడనీండి. ఇనపదే చేయించండి. ఉప్పునీళ్ళలోంచి వచ్చినప్పుడల్లా దాన్ని మంచినీళ్ళతో మీరే కడగాలి, అంతే" అంది.

ఆ ఏడంతా మామయ్య సాయంత్రాలు ట్రైలరు కడిగి, మాగాయ లేని పెరుగన్నం నోరెత్తకుండా తిన్నారు. ట్రైలరు మన్నింది, షాపు నిలబడింది. తర్వాత అల్యూమినియం పనీ నేర్చుకున్నాను. ఏది మంచిదని ఎవరడిగినా, "ఏదైనా సరేనండీ, వచ్చాక స్నానం చేయించండి" అంటాను. ఇప్పటికీ వేసవి రాగానే అత్తయ్య మాకు మాగాయ తెస్తుంది. జాడీ మాత్రం నా చేతికివ్వదు. మా ఆవిడ వచ్చేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ట్రైలరునే నా చేతిలో పెట్టిన మనిషి, జాడీకి మాత్రం నన్ను నమ్మదు.