ఇజ్బాల మూడు స్కానర్లు

బహ్రెయిన్‌ల దిగినప్పుడు పొద్దుగాల మూడు నలభై. మే నెల. ఇంక తెల్లారనే లేదు, ఉడుకుతున్న గిన్నె మీద మూత తీసినట్టు గాలి మొకానికి కొట్టింది. నా సామాన్: ఒక సూట్‌కేసు, ఒక చద్దర్, మిలిటరీ బూట్లు ఒక జత.

తీస్కపోనీకి డ్రైవర్ వచ్చిండు. కేరళాయన. హిందీల "హవల్దార్ సాబ్ మీరేనా?" అన్నడు.

"రిటైర్డ్," అన్న.

"ఈడ రిటైర్డ్ గిటైర్డ్ ఉండదు సాబ్, ఎక్కుండ్రి," అన్నడు.

మనామా దాటి దక్షిణానికి నలభై నిమిషాలు. బిల్డింగులు అయిపోయినయి. పైపులైన్లు అయిపోయినయి. ఆఖరికి ఎడారిల ఒక కంచె, నూటిరవై గొర్లు, ఆరు ఒంటెలు, ఇనుప కాళ్ల మీద నీళ్ల ట్యాంకు, రెండు క్యాబిన్లు. అసొంటి పశువుల దొడ్డిని అరబ్బోళ్లు ఇజ్బా అంటరు. అదే నా పోస్టు. రెండేండ్లు.

ముందే ఒక మాట చెప్తున్న. మిలిటరీల ఇరవై రెండేండ్లు చేసిన. ఆఖరి నాలుగేండ్లు సరిహద్దు పోస్టు మీద థర్మల్ సెట్ చూసుడే నా పని. చీకట్ల వేడిని జూపిచ్చే కెమెరా అది. మంచు కొండ మీద మనిషి దాంట్ల తెల్లగ దీపం లెక్క కనవడుతడు. ఊరోళ్లు ఎప్పుడు కూసున్నా సరిహద్దు ముచ్చట్లే అడుగుతరు. బహ్రెయిన్ అన్ననంటే "దుబాయిల వాచ్‌మన్ పనే గదా" అని మూతి తిప్పుతరు. నాకు ఒళ్లు మండుతది. సరిహద్దుల నా తప్పుతోని ఎవ్వలకు ఏం గాలే. చెప్పాల్సింది ఉన్నదంటే అది ఇజ్బా ముచ్చటే.

కఫీల్, అంటే నా వీసా తీసిన యజమాని, యాభై దాటిన మనిషి. మాట మెత్తన. వేట మాత్రం పిచ్చి. చలికాలం వేరే దేశాలకు రాత్రి వేటకు పోతడు. నేను చేరిన పదో రోజు వేడిని జూపిచ్చే చేతి స్కానర్లు మూడు తెచ్చి నా మంచం మీద పెట్టిండు.

"నువ్వు మిలిటరీ. ఏది మంచిదో చూడు. ఒక్కటి ఉంచుకుంట. రెండు వాపస్."

ఆర్డర్ వచ్చిందంటే నాకు పాణం లేసొస్తది. మూడిటికి తెల్ల టేపు అంటిచ్చి ఒకటి, రెండు, మూడు అని రాసిన. రోజూ ఒక్కటే టైము, పది గంటలు. ఒక్కటే జాగ, ట్యాంకు కింది అరుగు, నేలకెల్లి పది అడుగుల ఎత్తు. నూరంగల కాడ, రెండు నూర్ల కాడ, మూడు నూర్ల కాడ గూటాలు పాతి ఒక్కో గొర్రెను కట్టేసిన.

ఒకటో నంబర్ సబ్బుబిళ్లంత. నూరంగల దాకా గొర్రె గొర్రె లెక్కనే ఉంటది. రెండు నూర్లకు అన్నం ముద్ద. బ్యాటరీ మూడు గంటల పది నిమిషాలు. రెండోది బొమ్మ మంచిగనే జూపిస్తది గని, నడుమ నడుమ టక్కుమని ఒక సెకను ఆగుతది. ఆ సెకన్ల కుందేలు కంచె దాటిపోతది. చెమట చేతికి దాని బటన్ చిక్కదు. మూడోది బరువు. మెడకేసుకుంటే గంటల మెడ గుంజుతది. మూడు నూర్ల అంగల కాడ కూడ కుక్కేది గొర్రేది తోక తోని చెప్పొచ్చు.

మనిషి టార్గెట్‌కు డ్రైవర్‌నే నడిపిచ్చిన. ఆయన దగ్గరొకటి, నా దగ్గరొకటి వాకీటాకీ.

"ట్యాంక్, ట్యాంక్. నేనెట్ల కనవడుతున్న?"

"ఒకటో దాంట్ల ఒంటె పిల్ల లెక్క. మూడో దాంట్ల నీ లెక్కనే ఉన్నవు, పొట్ట గూడ కనవడుతుంది."

అలిగి రెండు రోజులు నాతోని చాయ్ తాగలే.

జూన్ సగం దాటినంక లెక్క తప్పింది. రాత్రి పది గంటలకు నేల ముప్పై నాలుగు డిగ్రీలు. గొర్రె బొచ్చు మీదా గంతే. మూడు స్కానర్లల్ల గొర్రె నేలల కలిసిపోయింది. ట్రేనింగుల మా ఉస్తాద్ మొత్తుకుంటుండె, "మిషిన్ మనిషిని జూపియ్యదురా, వేడిల తేడాను జూపిస్తది" అని. గా మాట కాపీల రాసుకున్న. రాసుకుని కాపీ మూసిన.

ఇజ్బాకు కిలోమీటరు దూరంల ఒక సైటు నడుస్తుండె. ఆడ షట్టరింగ్ మేస్త్రి మా జగిత్యాల దిక్కు మనిషి. నీళ్ల క్యాన్ పట్టుకుని వచ్చినోడు, నేను గొర్రెను తెలుగుల తిట్టుడు ఇని కంచె కాడ్నే నిలవడ్డడు.

"ఏ ఊరన్నా మనది?"

గంతే. ఆనాటికెల్లి తమ్మీ, అన్నా అనుకున్నం. వాళ్ల క్యాంపు రూముల పన్నెండు మంది, ఏసీ రెండు రోజులు నడిస్తే మూడు రోజులు పండుకుంటది. నేనే చెప్పిన, "శుక్రారం డ్యూటీ లేదుగదా తమ్మీ. గురువారం రాత్రి ఓవర్‌టైం అయినంక ఈడికొచ్చి పండు. పశువుల నీళ్ల తొట్టి కాడ గాలొస్తది" అని. వచ్చెటోడు. పన్నెండు దాటినంక వచ్చెటోడు. చద్దర్ తొట్టిల ముంచి, పిండి, నెత్తి నుంచి కాళ్ల దాకా కప్పుకుని పండెటోడు. ఇంటికాడ ఎండకాలం మనమందరం చేసేదే. ఎండుగాలికి తడి చద్దర్ సల్లగ ఐతది, నిద్ర వడుతది.

గా నెలల్నే ఊరకుక్కలు కంచె దూరి నాలుగు గొర్రె పిల్లలను పీకినయి. కఫీల్ ఫోన్ చేసిండు. శుక్రారం రాత్రి తుపాకి తెస్త, స్కానర్ పరీక్ష, కుక్కల పని రెండూ ఐతయి అన్నడు. పర్మిషన్ ఉన్నదన్నడు. కాయితం నేను జూడలే. మేస్త్రికి ఫోన్ చేసి "శుక్రారం రాత్రి ఇటు దిక్కు రాకు తమ్మీ, ఫైరింగ్ ఉన్నది" అన్న. "సరే అన్నా" అన్నడు.

కఫీల్ ఒక రోజు ముందే వచ్చిండు. గురువారం రాత్రి పది ఇరవైకి.

మేస్త్రికి ఫోన్ కొట్టిన. ఎత్తలే. ఇంక ఓవర్‌టైంల ఉన్నడు, సైటు మీద ఫోన్ దగ్గర పెట్టుకోనియ్యరు అనుకున్న. అనుకున్న, గంతే. కఫీల్ పికప్ వెనక డాలాల నిలవడి, బండి టాపు మీద రాత్రి దూర్బీన్ బిగిచ్చిన తుపాకి ఆనిచ్చిండు. పక్కన డ్రైవర్, ఒక చేతిల రెండో నంబర్ స్కానర్, ఒక చేతిల వాకీటాకీ. "యల్లా, యల్లా" అని తొందర పెడుతున్నడు. నేను ట్యాంకు కింది అరుగు ఎక్కిన.

ఫైరింగ్ రేంజ్ మీద ఒక కాయిదా ఉంటది. గోలీ పేలక ముందు ఒక మనిషి టార్గెట్ దాకా నడిచి, కండ్లతోని చూసి వాపస్ రావాలె. ఎంతమంది కొత్త రంగ్రూట్లను నడిపిచ్చిన్నో లెక్కలేదు. నడవనోన్ని ఎండల నిలవెట్టిన. గా రాత్రి నేను నడవలే. చేతుల మూడో నంబర్ ఉండె. మొత్తం ఒకసారి తిప్పి చూసిన. తొట్టి పక్కన నల్ల మరక. అది రోజూ ఉండేదే. నీళ్లు పొర్లి నేల తడుస్తది, తడి జాగ సల్లగుంటది, స్కానర్ల సల్లటిది నల్లగుంటది. గా రోజు మరక జర పొడుగున్నది. ఒంటెలు ఎక్కువ పొర్లిచ్చినయనుకున్న.

పది యాభై రెండు. ఒక కుక్క కంచె దూరింది. మసక తెలుపు. నేల వాసన చూసుకుంట తొట్టి దిక్కు వచ్చి, మరక అంచుకు ఆగింది.

"ఒకటే కుక్క. తొట్టి పక్కన. నూటెనభై అంగలు," అన్న వాకీటాకీల.

"సాఫ్?" అన్నడు కఫీల్ డ్రైవర్ చేతిల దాంట్ల. అవుతల ఎవ్వలు లేరా, కొట్టొచ్చునా అని.

"సాఫ్," అన్న.

పేలింది. కుక్క ఉన్నకాడ్నే వడ్డది. మరక నడుమకెల్లి చీలి లేసింది. నల్లటి దాంట్లకెల్లి తల, రెండు భుజాలు, చేతులు తెల్లగ బయటికొచ్చినయి. మనిషి. కూసున్నడు.

"సాబ్! ఆద్మీ, ఆద్మీ!" అని డ్రైవర్ వాకీటాకీల మొత్తుకున్నడు.

నిచ్చెన ఎట్ల దిగిన్నో ఎరుకలేదు. ఉరికిన. ఒక బూటు ఊడిపోయింది. నేను పోయేసరికి మేస్త్రి తడి చద్దర్ ఒళ్లె పెట్టుకుని కుక్క దిక్కు చూస్తున్నడు. కుక్క తలకాయకు, ఆయన తలకాయ ఆనిన జాగకు నడుమ జానెడు. నేను జానతోని కొలిచిన.

"కాంక్రీట్ పంపు ఖరాబైందన్నా, తొమ్మిదింటికే ఇడిసిపెట్టిండ్రు. నువ్వు క్యాబిన్‌ల ఉంటివి, సీదా వచ్చి పండిన. ఫోన్ క్యాంపుల చార్జింగ్‌కు పెట్టొచ్చిన," అన్నడు. మళ్లొకసారి కుక్కను చూసిండు. "నా మీదికే వచ్చిందానే ఇది? అబ్బ, నువ్వు గిట్ట చూడకుంటే పీక పట్టుండు. బతికిచ్చినవన్నా."

నా చెయ్యి పట్టుకున్నడు. చెయ్యి ఇడిపిచ్చుకుని ఊడిన బూటు దేవులాడవోయిన.

కఫీల్ దిగి వచ్చి చూసిండు. "ఖలాస్. ఎవ్వలకు ఏం గాలే. ఎవ్వలకు చెప్పకు," అన్నడు. తుపాకి మల్ల ఇజ్బాకు తేలే. వారం దినాలకు ఫోన్‌ల అడిగిండు, ఏది మంచిదని. మూడో నంబర్ అన్న. అబద్ధం గాదు. మూడిట్ల అదే మంచిది.

మేస్త్రి ఊకుంటడా? క్యాంపంత చెప్పిండు. ఒక శుక్రారం మనామాల నయీమ్ బస్తీల చాయ్ హోటల్‌కు పోతే, ముక్కు మొకం తెల్వని సిరిసిల్లాయన లేసి నాకు సలాం కొట్టిండు. "మా మేస్త్రిని కాపాడిన మిలిటరీ అన్న ఈనెనా" అని చాయ్ పైసలు కట్టిండు. ఆ చాయ్ సగం ఇడిసిపెట్టి లేసిన. సిగ్గు. ఇంక వేరే మాట లేదు దానికి. నిజం చెప్తే తమ్ముడు నన్ను అన్నా అని పిలుస్తడో లేదో అని భయం.

కాంట్రాక్ట్ ఒడిసింది. వాపసొచ్చిన నాలుగో రోజు మేస్త్రి భార్య మా ఇంటికొచ్చింది. బీడీలు చేసుకునే మనిషి. నాకియ్యనీకి చంకల కోడి. వాకిట్లనే నా కాళ్లకు మొక్కవోయింది.

"ఆగు బిడ్డా," అన్న. మొత్తం చెప్పిన. సాఫ్ అన్నది నేనే అని చెప్పిన. నడిచి చూడలేదని చెప్పిన. మా ఆమె తలుపు కాడ నిలవడి ఇన్నది. ఆమెకు గూడ అప్పుడే ఎరుక.

ఆ బిడ్డ కోడి కాళ్ల ముడి సదురుకుంది.

"ఎంత దూరంల తప్పింది సార్?"

"జానెడు."

"ఆయనకు ఎరుకనా?"

"లేదు."

"చెప్పకుండ్రి. ఇంక పది నెలలు ఉన్నది. ఆడనే పండాలె, ఆడనే లేవాలె. భయం వడితే నిద్ర వట్టదు ఆయనకు." లేసింది. మా ఆమె పెట్టిన చాయ్ ముట్టలే. కోడిని చంకలవెట్టుకుని పోయింది. మంచి పని చేసింది.

పది నెలలు నోరు మూసుకున్న. మేస్త్రి మొన్ననే వచ్చిండు. అందుకే ఇప్పుడు రాస్తున్న. రేపు పొద్దుగాల ఈ కాయితాలు నేనే తీస్కపోయి చేతుల పెడుత. చదివినంక ఏమంటడో ఆయన ఇష్టం.

కండ్లు మూస్తే సరిహద్దు రాదు నాకు. తొట్టి పక్కన నల్ల మరక వస్తది. దాని నడుమకెల్లి తెల్లటి మనిషి లేసి కూసుంటడు. నిద్ర మబ్బుల మొకం తుడుచుకుని, ట్యాంకు దిక్కు తల తిప్పుతడు.