ఆపదకే కట్టే బండి

మా చిన్నతాత పోయాడు. బుధవారం మధ్యాహ్నం తరగతి ముగించుకుని వస్తుంటే, ధర్మపురిలో మా కాలేజీ గేటు దగ్గర మా అన్న నిలబడి ఉన్నాడు. చెప్పుల నిండా ఎర్రమట్టి. లోపలికి రావచ్చో రాకూడదో తెలియక అక్కడే ఆగిపోయినట్టున్నాడు. నన్ను చూసి, "చిన్నతాత పోయినాడు పాపా, తెల్లారుతానే" అన్నాడు.

జబ్బేమీ లేదట. ముందురోజు గంజి తాగలేదు, ఎద్దుల దగ్గరికి పోలేదు. మా నాయన బండి కట్టి ఆస్పత్రికి తీసుకుపోతానంటే ఒప్పుకోలేదట. "ఇది వయసురా. దీనికి ఎద్దులను ఎండలో తోలేది ఎందుకు?" అన్నాడట. అన్న ఆ మాట చెబుతుంటే నాకు ఏడుపు కంటే ముందు నవ్వు వచ్చింది. అచ్చంగా ఆయన మాటే అది.

ఈ నాలుగు మాటలు ఆయనను ఎరగనివారి కోసం రాస్తున్నాను. మా ఊరివాళ్లకు ఆయన సంగతి నేను చెప్పనక్కరలేదు. చెప్పినా వాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. మాది తమిళనాడు. మాకు ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. నేనైనా ఈ అక్షరాలు నేర్చుకుని రెండేళ్లే అయింది. ఆయన అన్న మాటను అన్నట్టే కాగితం మీద పెట్టవచ్చుననేది నాకు ఇంకా కొత్తగానే ఉంది.

చిన్నతాత అంటే మా నాయన తండ్రికి తమ్ముడు. మా ఊరు పెన్నాగరం నుంచి ధర్మపురికి వచ్చే దారిలో, ధర్మపురికి ఎనిమిది మైళ్ల దూరంలో ఉంది. అన్నీ మెట్ట భూములు. రాగి, సామ, వేరుశనగ. నా చిన్నప్పుడు బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ రెండు బస్సుల నడుమ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, ధర్మపురి ఆస్పత్రికి పోవడానికి చిన్నతాత బండే దిక్కు.

ఊళ్లో వేరే బండ్లు లేకపోలేదు. అయితే అవి ఎప్పుడు చూసినా ఎరువు తోలుతూనో, సంతకు పోతూనో ఉండేవి. చిన్నతాత బండి మాత్రం ఇంటి ముందే ఉండేది. ఎద్దులను తెల్లవారకముందే మడకకు కట్టి, ఎండ ముదిరేలోపు విప్పేసేవాడు. అందుకే ఆయన చేలో దున్నకం ఊరందరికంటే చివర ముగిసేది. ప్రతి సాయంత్రం ఇరుసుకు కందెన పెట్టేవాడు. చక్రం సీలలను రాయితో తట్టి చూసేవాడు. బండిలోని పాత గడ్డి తీసి ఎద్దులకు వేసి, కొత్త గడ్డి పరిచి, దానిమీద ఉతికిన బొంత వేసేవాడు. మేము పిల్లలం బండి కింద ఆడుకుంటే ఏమీ అనేవాడు కాదు. పైకి ఎక్కితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "దిగండి. ఎక్కేవాళ్లు ఎవురో ఇంకా తెలీదు" అనేవాడు.

బండి కావాలని ఎవరు వచ్చినా ఆయన అడిగేది ఒకటే మాట: "రేపైతే కాదా?"

వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ మాట దగ్గరే ఆగిపోయేవారు. రేపు అయినా పరవాలేదని వాళ్లకే తెలుసు. ఒకసారి మా పక్కింటామె కొడుకును చంకనేసుకుని, "చిన్నాయనా, వీడు చొక్కా గుండీ మింగినాడు, బండి కట్టు!" అని అరుస్తూ వచ్చింది. వాడు చంకలో కూర్చుని మురుకు నములుతున్నాడు. చిన్నతాత వాణ్ణి తేరిపార చూసి, "రేపైతే కాదా?" అన్నాడు. "రేపటికి ఏమైతాది?" అని ఆమె. "రేపటికి గుండీ బయటికి వస్తాది. కడిగి చొక్కాకు కుట్టుకో."

మా వీధి చివరి ఇంటాయన కూతురి పెళ్లికి సామాను తోలడానికి బండి అడిగాడు. "ముహూర్తం తప్పితే ఆపద కాదా?" అని వాదించాడు. "పెండ్లి అయినాక రా. అప్పుడు నిజంగా ఆపద ఉంటే చూస్తాము" అన్నాడు చిన్నతాత. ఆ ఇంటివాళ్లు ఆ మాటకు చాలా రోజులు ముఖం చాటేశారు.

అడగకుండా కట్టిన రోజులూ ఉన్నాయి. కలుపు తీస్తున్న ఒకామెను పాము కరిచినప్పుడు, ఆమె మొగుడు వీధి మొదట్లో కనబడేసరికే చిన్నతాత ఎద్దుల మెడ మీద కాడి పెడుతున్నాడు. అతను నోరు తెరవకముందే ఎట్లా తెలిసిందని తర్వాత మా అవ్వ అడిగింది. "వానికి ఒక కాలికే చెప్పు ఉండె. నువ్వు చూళ్లేదా?" అన్నాడు.

ఇదంతా ఎవరికైనా నచ్చుతుంది. మా నాయనకు జరిగినది మాత్రం అంత తేలిక కాదు. ఒక ఏడు వేరుశనగ పీకి కళ్లంలో పోశాము. మధ్యాహ్నానికి మబ్బు కమ్ముకొచ్చింది. మా ఎద్దుల్లో ఒకటి కుంటుతోంది. నాయన పరుగెత్తుకుంటూ చిన్నతాత దగ్గరికి పోయాడు. వెనకాలే నేనూ పోయాను.

"చిన్నాయనా, కళ్లం నుంచి ఇంటికి రెండు నడలు తోలితే చాలు. వాన వచ్చేస్తాది."

"శెనక్కాయలకు కట్టను."

"నీ ఎద్దులు ఊరికే నిలబడుకోని ఉండాయి గదా! ఊర్లో ఎవురికి ఏమైంది ఇప్పుడు?"

"ఏమీ కాలేదు."

"మరి?"

"ఇంకా సాయంత్రం కాలేదు గదా."

వాన వచ్చింది. కాయలు తడిసి, సగానికి సగం మొలకెత్తాయి. ఆ రోజు ఊళ్లో ఎవరినీ పాము కరవలేదు, ఎవరికీ నొప్పులు రాలేదు. మర్నాడు నాయన వీధిలో నిలబడి, "నిన్న ఎవురికీ ఏమీ కాలేదు చిన్నాయనా! తెలుసునా?" అని గట్టిగా అరిచాడు. చిన్నతాత ఎద్దుల మూతులు కడుగుతూ, "తెలుసు. మంచిదే గదా" అన్నాడు. ఆ తర్వాత ఏడాదిన్నర వాళ్లిద్దరి మధ్య మాటలు లేవు. ఆ ఏడు మా ఇంట్లో రెండు పూటలా సామ గంజే. ఆ విషయంలో నా మనసు ఇప్పటికీ కొంచెం నాయన వైపే ఉంటుంది. అది దాచి చిన్నతాతను పొగిడితే ఆయనకే నచ్చదు.

తర్వాతి సంగతి నా పరీక్షలది. ఎస్.ఎస్.ఎల్.సి. ఒక్కసారి రాయనిస్తానని నాయన మాట ఇచ్చాడు. తప్పితే మా మేనమామతో పెళ్లి. అది ఎప్పటినుంచో అనుకున్నదే. మామ మంచివాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. నాకు ఇంకా చదువుకోవాలని ఉంది, అంతే.

మొదటి రెండు పరీక్షలకూ పొద్దుటి బస్సులోనే ధర్మపురికి పోయి రాసి వచ్చాను. మూడోది లెక్కలు. ఆ రోజు బస్సు రాలేదు. రోడ్డు మీద నేనూ నాయనా చాలాసేపు నిలబడ్డాము. పెన్నాగరం వైపు నుంచి నడిచి వచ్చిన ఒకాయన, బస్సు చక్రం ఊడి దారిలోనే నిలిచిపోయిందని చెప్పాడు. పరీక్ష పది గంటలకు. నడిస్తే అందదు. ఊళ్లో ఉన్న ఒకే సైకిలు తెల్లవారే సంతకు పోయింది. నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఏం చేసేది పాపా. మనకు ఇంతే" అన్నాడు. మెత్తగానే అన్నాడు. ఆ మెత్తదనానికే నాకు భయం వేసింది. పుస్తకాల సంచి అక్కడే పడేసి ఊళ్లోకి పరుగెత్తాను.

చిన్నతాత ఎద్దులను అప్పుడే మడక నుంచి విప్పి, నీళ్లు పెడుతున్నాడు.

"ఏంది పాపా?"

"బస్సు రాలేదు తాతా. పది గంటలకు లెక్కల పరీక్ష."

"రేపైతే కాదా?"

"కాదు తాతా."

"మళ్లా ఎప్పుడూ పెట్టరా?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఆయన ముందు నోరు రాలేదు. "ఆరు నెలలకు పెడతారు. అప్పటికి నాకు పెండ్లి అయిపోయి ఉంటాది. మళ్లా రాయనీరు" అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు. ఎద్దుల వైపు చూశాడు. దాని అర్థం నాకు తెలుసు: వాటిలో ఎనిమిది మైళ్లకు సత్తువ ఉందా అని కాదు, పదహారు మైళ్లకు ఉందా అని. తర్వాత కాడి ఎత్తాడు.

బండి కట్టి నేరుగా రోడ్డెక్కలేదు. వీధి నడుమ నిలబడి, "బండి పోతా ఉండాది! మధ్యాహ్నం దాకా రాదు! ఎవురికన్నా ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి!" అని కేకవేశాడు. ఆయన ఒక ఇంటి ముందు మళ్లీ ఆగాడు. ఆ ఇంటి కోడలు నిండు చూలాలు.

"ఏమ్మా, నొప్పులేమన్నా ఉండాయా?"

ఆమె తలుపు పట్టుకుని నిలబడి నన్ను చూసింది. "లేవు మామా. పాపను దించి రా పో. నువ్వు వచ్చేదాకా నేను కననులే" అంది. "ఏం మాటలే అవి, నోరు మూయి!" అని అత్త కసిరింది. వీధంతా నవ్వారు. చిన్నతాత నవ్వలేదు. ఆమె మాట నిలబెట్టుకుందని, మూడోనాటికి గాని కనలేదని ఇక్కడే చెప్పేస్తాను.

రోడ్డు మీద నాయన ఇంకా అక్కడే ఉన్నాడు. బండిలో నన్ను చూసి నోరు తెరిచాడు. ఏడాదిన్నర తర్వాత మొదటి మాట ఇది: "శెనక్కాయలకు కట్టని బండి పరీక్షకు కట్టినావా చిన్నాయనా?"

"జరుగు. పొద్దు పోతాది" అన్నాడు చిన్నతాత.

నాయన జరిగాడు. కాస్త దూరం పోయాక వెనక అడుగుల చప్పుడైంది. నా పుస్తకాల సంచి పట్టుకుని బండి వెంట పరుగెత్తుతున్నాడు. దాన్ని గడ్డి మీదికి విసిరి, ఆయాసంతో రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు.

ఆ దారిన పోయేవాళ్లందరికీ ఆ బండి తెలుసు. అది పరుగు మీద వస్తోందంటే లోపల ఎవరో చావుబతుకుల్లో ఉన్నట్టే లెక్క. ఎదురొచ్చిన బండ్లన్నీ చేలల్లోకి దిగి దారి ఇచ్చాయి. కట్టెల మోపులతో పోతున్న ఆడవాళ్లు ఆగి, "ఎవురి బిడ్డో పాపం" అని చేతులు జోడించారు. కుదుపులకు కూర్చోలేక బొంత మీద పడుకుని ఉన్న నాకు సిగ్గేసింది.

"తాతా, నాకు జబ్బు అనుకుంటా ఉండారు. లేచి కూర్చోనా?"

"అనుకోనీ. దారి ఇస్తా ఉండారు గదా. నువ్వు చదువుకో."

లేచి కూర్చోనే కూర్చున్నాను. వేరుశనగ మూటలతో పక్కకు దిగిన ఒక బండాయన నా చేతిలో పుస్తకం చూసి మండిపడ్డాడు. "ఏమయ్యా, చదువుకునే పిల్ల కోసమా నేను చేలోకి దిగింది? మూట జారి ఉంటే?"

"నీ శెనక్కాయలు రేపు కూడా శెనక్కాయలే నాయనా" అని చిన్నతాత తోలుకుపోయాడు. ఆ మాటకు నేను నవ్వాను. తర్వాత నాయన గుర్తుకొచ్చి నవ్వు ఆగిపోయింది.

నడుమ ఒక ఎత్తు వస్తుంది. అక్కడ చిన్నతాత దిగి నడిచాడు. ఎందుకు దిగావని అడిగాను. ముందు ఎడమ ఎద్దు మెడను చేత్తో నిమిరాడు. తర్వాత చెప్పాడు: "మీ నాయన చిన్నపిల్లోడప్పుడు, ఒకనాడు పొద్దంతా ఈ బండితో రాళ్లు తోలినాను. సాయంత్రం ఒకామెకు కాన్పు కష్టమాయె. ఇదో, ఈ మిట్ట ఎక్కలేక ఎద్దులు కూలబడె. ఆమె దక్కింది. బిడ్డ దక్కలేదు." కాడి మీద చెయ్యి వేసి, "ఆపద వచ్చే దినం మనకు చెప్పి రాదు పాపా. ఆ దినం ఎద్దులు అలిసిపోయి ఉండకూడదు. అంతే, మన చేతిలో ఉండేది" అన్నాడు.

ఆ తర్వాత నేను పుస్తకం తెరవలేదు. రాళ్లు తోలడం తప్పు పని కాదు. అందరూ చేసేదే. ఆ ఒక్క రోజు తోలినందుకు ఆయన తన వయసంతా ఎద్దులను ఇంటి ముందు కట్టేసి ఉంచాడు. నాయన కళ్లంలో తడిసింది పంట. పంట మళ్లీ పెట్టుకోవచ్చునని ఆయన లెక్క. నాకు తప్పబోయినది మళ్లీ రానిదని ఆయనకు ఎట్లా తోచిందో నేను ఎప్పుడూ అడగలేదు. చదువు అంటే ఏమిటో ఆయనకు తెలియదు. వేలిముద్ర వేసే మనిషి.

బడి గేటు దగ్గర దిగేసరికి ఇంకా పది నిమిషాలు ఉంది. ఎండ అప్పటికే చురచుర కాలుతోంది. ఎద్దుల నోళ్ల నుంచి నురగ కారుతోంది. "చల్లబడే దాకా ఇక్కడ నీడలో ఉండు తాతా. సాయంత్రం ఇద్దరమూ పోదాము" అన్నాను. ఆయన బడి తొట్టిలోని నీళ్లు ఎద్దులకు తాపి, మిగిలినవి వాటి వీపుల మీద చల్లాడు. తను తాగాడో లేదో నేను చూడలేదు.

"ఊర్లో ఇప్పుడు బండి లేదు పాపా" అని బండి తిప్పాడు.

నా చోటు కిటికీ పక్కన వచ్చింది. అక్కడి నుంచి పెన్నాగరం రోడ్డు కొంత దూరం కనబడుతుంది. ప్రశ్నపత్రం ఇచ్చారు. పేరు రాసి తలెత్తాను. తారు రోడ్డు మీద బండి మెల్లగా పోతోంది. బండి ఖాళీగా ఉంది. ఆయన ఎక్కలేదు. ఎడమ ఎద్దు పక్కన నడుస్తూ, నెత్తిమీది తువ్వాలు తీసి దాని తలమీద కప్పాడు. నాలుగడుగులు వేసి ఇవతలికి వచ్చి, అదే తువ్వాలు తీసి రెండో దాని తలమీద కప్పాడు. రోడ్డు మలుపు తిరిగేదాకా అట్లా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారుతూ, వట్టి నెత్తితో ఆ ఎండలో నడుస్తూనే ఉన్నాడు.