టీకా పడని ఏడో బోను

నేను అబద్ధమాడే మనిషిని కాను. జీవితంలో ఒక్కసారే ఆడాను. ఆ ఒక్కదాని గురించే ఇప్పుడు చెబుతున్నాను. నమ్మితే నమ్మండి... బతిమాలడం నాకు చేతకాదు.

కోడుమూరు దగ్గర మా తాతకు మూడు వందల ఎకరాలుండేవి. నాకు ఇంటిపేరు మిగిలింది. కర్నూలు బయట ఒక ప్రయోగశాలలో ఎలుకల గది చూసుకునేవాణ్ణి. నాకు పని చెప్పేది సుమలత. నందికొట్కూరు కిరాణా కొట్టువాళ్ల బిడ్డ.

ఆమె పరిశోధన ఇది. తెల్ల ఎలుకలకు టీకా వేసి ఎనిమిది నెలలు ఆగుతారు. తర్వాత అసలు జబ్బు ఎక్కిస్తారు. టీకా పడ్డ ఒంట్లో ఆ జబ్బును గుర్తుపెట్టుకున్న కణాలుంటాయి. అవి కాపాడతాయి. టీకా పడనివి చస్తాయి. ఆమె నాలుగేళ్ల చదువు దీని మీదే.

టీకాల రోజు నా సూది పక్కకు జారింది. విద్యార్థులందరి ముందు ఆమె నవ్వింది.

"ఏమప్పా, సూది పట్టుకునేది రాదా? భూములు పోయినా బిగువు పోలేదే! ఇట్లా రా, నేర్పిస్తా."

ఆమె వెళ్లాక ఏడో బోనులోని ఐదు ఎలుకలకు వేయాల్సిన టీకా మందు తొట్టిలో పారబోశాను. వేసినట్టు సంతకం పెట్టాను.

ఎనిమిది నెలలయ్యాక జబ్బు ఎక్కించారు. లక్షణాలు బయటపడేది రెండో రాత్రి. ఆ రాత్రి కాపలా నాదే. ఏడో బోను జబ్బు పడితే నా సంతకం అబద్ధమని తేలిపోతుంది. అంతలోపే చంపి, నీళ్ల సీసా కారి తడిసి చచ్చాయని రాద్దామనుకున్నాను.

రాత్రి రెండు గంటలు... ఎర్ర బల్బు ఒక్కటే. ఆ వెలుతురులో ఎలుకలకు చూపు ఆనదు. అందుకే పెడతారు. ఏసీ రొద... పొట్టులో కాళ్ల గరగర... పోలిక కోసం టీకా వేయకుండా ఉంచిన మొదటి బోనులో అన్నీ ముడుచుకుపోయాయి. ఒకటి సన్నగా కీచుమంది... ఆగింది.

ఏడో బోను ముందు నిలబడ్డాను. గరగర ఆగిపోయింది... గది మొత్తం.

మూత తీశాను. ఐదూ నిక్షేపంగా ఉన్నాయి. వెనక కాళ్ల మీద లేచి... ముఖాలన్నీ నా వైపే.

అక్కడే ఆగాల్సింది. అవి బతికితే నాకు భయమే లేదు. కానీ ఆ చూపు... నన్నెవరూ అట్లా చూడకూడదు. మొదటిదాని మెడ విరిచాను. టక్.

చేయి పెడితే ఎలుక మూలకు దూరుతుంది. ఇవి దూరలేదు. రెండోది నడిచొచ్చింది... మెల్లగా... నా వేళ్ల కింద మెడ పెట్టింది. టక్. మూడోది. నాలుగోది. ఐదోది వచ్చి నిలబడింది. నా చేయి లేవలేదు. అది ముక్కుతో నా బొటనవేలిని తోసింది...

టక్.

నీళ్ల సీసా కారిందని రాశాను. పొద్దున సుమలత ఆ ఐదింటినీ కోసి, కణాలు లెక్కపెట్టే యంత్రంలో చూసింది. మధ్యాహ్నం ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది.

"గుర్తుపెట్టుకునే కణాలు ఈ ఐదింట్లోనే శానా ఉండాయి. యాడా ఇన్ని లేవు. బతికింటే ఇంకో ఏడాది చూసేదాన్ని. నీళ్ల సీసా కారితే మెడలు ఇరుగుతాయాప్పా?"

"నాకు తెలీదు."

"రాత్రి ఈడ ఉండింది నువ్వే కదా!"

నేను తల దించలేదు. సాయంత్రమే ఉద్యోగం వదిలేశాను.

ఆ లెక్కనే నమ్మి ఆమె ఇప్పుడు తన పరిశోధన గ్రంథం రాస్తోంది. మందు పారబోసింది ఈ చేతులే... అందులో అనుమానం లేదు. మరి ఆ ఒళ్లలోకి ఆ కణాలెట్లా వచ్చాయి? చెప్పగలిగేది ఆమె ఒక్కతే. అడగాలంటే, ముందు నేనేం చేశానో ఆమె ఎదుట ఒప్పుకోవాలి.

ఇప్పటికీ అడగలేదు.